స్కాన్ ఒక్కసారే: నెగటివ్ నుంచి గోడ మీది ప్రింట్ దాకా

కెమెరాకీ లెన్సుకీ ఎంత ఖర్చయినా వెనకాడని ఫొటోగ్రాఫర్లు స్కానింగ్ దగ్గరికి వచ్చేసరికి చేయి బిగిస్తారు. "ఫోన్‌లో చూసుకోవడానికేగా, ఇది చాల్లే" అని ల్యాబ్ వాళ్లిచ్చిన చిన్న జేపెగ్‌తో సరిపెట్టుకుంటారు. కొన్నేళ్లకి ఆ ఫ్రేమ్ ఎవరికో నచ్చుతుంది, పెద్ద ప్రింట్ కావాలంటారు. ఫైల్ తెరిచి చూస్తే అది అరచేతి సైజుకి మించి పనికిరాదు. మళ్లీ నెగటివ్ వెతకాలి, మళ్లీ దుమ్ము దులపాలి, మళ్లీ స్కాన్ చేయాలి. ఈలోగా నెగటివ్ మీద కొత్త గీతలు కూడా పడి ఉంటాయి.

మంచి స్కాన్‌కి పెట్టిన డబ్బూ టైమూ తిరిగొచ్చేది ఇలాంటి రోజునే. సరిగ్గా చేసిన ఒక్క ఫైల్ ఉంటే దాన్నుంచే ఎగ్జిబిషన్ ప్రింట్ తీయొచ్చు, పుస్తకంలో నిండు పేజీకి పంపొచ్చు, పోటీకి పెట్టొచ్చు, కొనేవాళ్లు ఏ సైజు అడిగినా వేసివ్వొచ్చు. ఫిల్మ్ మాత్రం మన కోసం ఆగదు. కలర్ ఫిల్మ్‌లో బొమ్మని పట్టి ఉంచేవి రంగు డైలు. చీకట్లో దాచినా అవి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా వెలిసిపోతూనే ఉంటాయి. ఎసిటేట్ బేస్ (బొమ్మ పొరని మోసే ప్లాస్టిక్ పట్టీ) ఉన్న పాత ఫిల్మ్‌కి వేడీ తేమా తగిలితే ఇంకో గండం: బేస్ విరిగిపోతూ ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది, డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన గుప్పుమంటుంది, ఫిల్మ్ కుంచించుకుపోయి వంకర్లు తిరుగుతుంది. ఆ ఆవిరి పక్కనున్న ఫిల్మ్‌ని కూడా పాడుచేస్తుంది. కాబట్టి అలాంటి వాసన వచ్చే డబ్బా దొరికితే దాన్ని వేరుగా పెట్టండి, స్కానింగ్ వరసలో అన్నిటికన్నా ముందు నిలబెట్టండి.

వివియన్ మేయర్ సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది. షికాగోలో పిల్లల ఆయాగా పనిచేస్తూ దశాబ్దాల పాటు వీధి ఫొటోలు తీసిందావిడ. 2007లో ఆవిడ పెట్టెలు వేలంలోకి వచ్చాక, కొన్నవాళ్లు నెగటివ్‌లు స్కాన్ చేసి చూపించాకే ఆమె ఎంత గొప్ప ఫొటోగ్రాఫరో లోకానికి తెలిసింది. 2009లో ఆవిడ చనిపోయేనాటికి డెవలప్ కూడా చేయని రీళ్లు ఎన్నో మిగిలాయి. పెట్టెలో ఉన్న నెగటివ్ ఎంత గొప్పదైనా దాన్ని బయటి మనిషి చూసే దారి స్కాన్, లేదా ప్రింట్.

ఇక పద్ధతిలోకి వెళ్దాం. మొదట్నుంచి చివరి దాకా ఒక్క సూత్రం గుర్తుపెట్టుకోండి: స్కాన్‌లో ఏ నిర్ణయమూ తీసుకోకండి, నిర్ణయాలన్నీ ప్రింట్‌కి వదిలేయండి. ఫిల్మ్‌లో ఉన్నదంతా ఫైల్‌లోకి తెచ్చుకోవడమే స్కాన్ పని. ఎంత నలుపు, ఎంత తెలుపు, ఎంత కాంట్రాస్టు అన్నది తర్వాతి మాట. డిజిటల్ కెమెరా మాత్రమే వాడేవాళ్లు నేరుగా ఐదో మెట్టు నుంచి చదువుకోవచ్చు. స్కాన్ ఫైల్ స్థానంలో మీకు రా ఫైల్ (కెమెరా ఏ దిద్దుబాటూ చేయకుండా ఇచ్చే ఫైల్) ఉంటుంది, అంతే తేడా.

మొదటి మెట్టు: ప్రింట్ సైజు నుంచి వెనక్కి లెక్కేయండి

"ఎంత రిజల్యూషన్‌లో స్కాన్ చేయాలి?" అని అడిగేవాళ్లని ముందు "ఎంత పెద్ద ప్రింట్ వేస్తారు?" అని అడగాలి. లెక్క తేలికే. ప్రింట్ పొడవుని అంగుళాల్లో తీసుకుని 300తో గుణించండి, కావాల్సిన పిక్సెళ్లు వస్తాయి. ఆ సంఖ్యని ఫిల్మ్ ఫ్రేమ్ పొడవుతో భాగించండి, స్కాన్ పీపీఐ (అంగుళానికి ఎన్ని పిక్సెళ్లో) వస్తుంది. 35 ఎంఎం ఫ్రేమ్ 24 × 36 మిల్లీమీటర్లు, అంటే పొడవు 1.42 అంగుళాలు. 18 అంగుళాల ప్రింట్ కావాలంటే 18 × 300 = 5,400 పిక్సెళ్లు. దాన్ని 1.42తో భాగిస్తే సుమారు 3,800. అంటే 4,000 పీపీఐలో స్కాన్ చేయాలి.

4,000 పీపీఐలో ఒక 35 ఎంఎం ఫ్రేమ్ సుమారు 5,670 × 3,780 పిక్సెళ్లు వస్తుంది. 300 పీపీఐ చొప్పున 19 × 12.5 అంగుళాల ప్రింట్‌కి సరిపోతుంది. 2,400లో చేస్తే 11 × 7.5 అంగుళాల దగ్గర ఆగిపోతుంది. మీడియం ఫార్మాట్ (35 ఎంఎం కన్నా పెద్ద ఫిల్మ్) వాళ్లకి ఇంత టెన్షన్ అక్కర్లేదు. 6 × 6 (సెంటీమీటర్లు) అని పిలిచే నెగటివ్‌లో బొమ్మ నిజానికి 56 మిల్లీమీటర్ల చదరం, 2,400 పీపీఐలోనే ఒక్కో వైపు దాదాపు 5,300 పిక్సెళ్లు వచ్చేస్తాయి.

ఇంతకీ 300 అన్న సంఖ్య ఎక్కడిది? మామూలు కంటిచూపు ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణం దాకా వివరాన్ని విడదీసి చూడగలదు. ప్రింట్‌ని అడుగు దూరంలో పట్టుకున్నప్పుడు అది అంగుళానికి దాదాపు 290 చుక్కల లెక్కకి వస్తుంది. మూడడుగుల దూరం నుంచి చూసే ప్రింట్‌కి అదే కోణంలో 95 చుక్కలు చాలు. గోడకి వేలాడే పెద్ద ప్రింట్ 150 నుంచి 200 పీపీఐలో కూడా బాగుండటానికి కారణం ఇదే. అయితే ఫొటోగ్రాఫర్లు ఎగ్జిబిషన్‌లో ముక్కు ఆనించి మరీ చూస్తారు. వాళ్ల నోటికి జడిస్తే 240కి తగ్గకండి.

ప్రింటర్ డబ్బా మీద ఉండే 1440, 2880 లాంటి డీపీఐ అంకెలకీ ఈ లెక్కకీ సంబంధం లేదు. అవి సిరా చుక్కల లెక్కలు. ఒక్క పిక్సెల్ రంగుని కాగితం మీద చూపించాలంటే ప్రింటర్ చాలా చుక్కలు వేయాలి. 1440 పీపీఐ ఫైల్ తయారు చేసుకుని కూర్చుంటే ఉపయోగమేమీ లేదు.

రెండో మెట్టు: ఏ ఫ్రేములు?

అన్నీ కాదు. రీల్ మొత్తానికి కాంటాక్ట్ షీట్ (ఫ్రేములన్నీ ఒకే పేజీలో చిన్నగా కనిపించేది) లాంటి చిన్న స్కాన్ ఒకటి చేసుకుని, లైట్ బాక్స్ మీద లూప్ (భూతద్దం) పెట్టి ఎంచుకోండి. 4,000 పీపీఐ, 16 బిట్ కలర్ ఫైల్ ఒక్కొక్కటి సుమారు 128 ఎంబీ అవుతుంది. 36 ఫ్రేముల రీల్ మొత్తం చేస్తే 4.6 జీబీ. డిస్క్ స్థలం దొరుకుతుంది కానీ ఒక్కో ఫ్రేమ్ మీద మచ్చలు తీయడానికి పట్టే గంటలు దొరకవు. రీల్‌కి రెండు మూడు ఫ్రేములు దొరికితే చాలా మంచి రీల్ అన్నట్టే.

మూడో మెట్టు: ఫిల్మ్‌ని సిద్ధం చేయడం

ఈ మెట్టు మీద పెట్టిన పది నిమిషాలు తర్వాత కంప్యూటర్ ముందు గంట మిగులుస్తాయి. చేతులు కడుక్కుని నైట్రైల్ గ్లవుజులు వేసుకోండి, ఫిల్మ్‌ని అంచులతోనే పట్టుకోండి. ఒక లైటు కింద ఫిల్మ్‌ని కాస్త ఏటవాలుగా తిప్పండి. నున్నగా మెరిసే వైపు బేస్, కొంచెం మసకగా కనిపించే వైపు ఎమల్షన్. బొమ్మ అంతా ఎమల్షన్‌లోనే ఉంటుంది, దాని మీద పడ్డ గీత బొమ్మని తవ్వినట్టే. ఏం తుడవాలన్నా ముందు బేస్ వైపు మొదలుపెట్టండి.

మొదట చేతి బ్లోయర్‌తో గాలి కొట్టండి. నోటితో ఊదకండి, తుంపర పడుతుంది. పోని దుమ్ముని యాంటీ స్టాటిక్ బ్రష్‌తో ఒకే దిశలో, బరువు పెట్టకుండా లాగండి. అప్పటికీ వేలిముద్రో జిడ్డో మిగిలితేనే ఫిల్మ్ క్లీనర్ జోలికి వెళ్లండి. అది నీళ్లు కలవనిదై ఉండాలి, మెత్తటి గుడ్డతో రాయాలి. నీళ్లతో తడిపితే ఎమల్షన్ ఉబ్బి మెత్తబడుతుంది, ఆ తడి మీద దుమ్ము అంటుకుంటే ఇక రాదు.

చుట్ట తిరిగిన ఫిల్మ్‌ని స్లీవ్‌లో పెట్టి బరువైన పుస్తకాల కింద కొన్నాళ్లు ఉంచండి. వంపు తగ్గని ఫిల్మ్‌ని స్కాన్ చేస్తే మధ్యలో ఫోకస్ ఉంటుంది, మూలల్లో ఉండదు. స్లీవ్ విషయంలో ఒక జాగ్రత్త: పీవీసీతో చేసినవి వద్దు. పాలిస్టర్, పాలీప్రొపిలీన్, పాలీఎథిలీన్ అని రాసున్నవే తీసుకోండి.

నాలుగో మెట్టు: స్కాన్

చేతిలో మూడు దారులున్నాయి.

ఫ్లాట్‌బెడ్ స్కానర్ అందరికీ అందుబాటులో ఉండేది. మీడియం ఫార్మాట్‌కీ పెద్ద నెగటివ్‌లకీ భేషుగ్గా పనిచేస్తుంది, 35 ఎంఎంకి మాత్రం అంతంతమాత్రం. డబ్బా మీద 6,400 అని రాసుంటుంది, దాని లెన్సు నిజంగా పట్టే వివరం తరచూ అందులో సగం కూడా ఉండదు. మీ స్కానర్ సంగతి మీరే తేల్చుకోవచ్చు. సన్నటి కొమ్మలో, దూరంగా ఉన్న అక్షరాలో ఉన్న పదునైన ఫ్రేమ్ ఒకటి తీసుకోండి. ఒకసారి 2,400లో, ఇంకోసారి 4,800లో స్కాన్ చేయండి. మొదటి ఫైల్‌ని రెండోదాని సైజుకి పెంచి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. 4,800లో కొత్తగా ఒక్క కొమ్మ కూడా విడిపోయి కనిపించకపోతే మీ స్కానర్ హద్దు 2,400 అన్నమాట. అక్కడితో ఆపేయండి, పెద్ద అంకె ఇచ్చేది పెద్ద ఫైలే. చాలా ఫ్లాట్‌బెడ్‌లకి ఫోకస్ మారదు, ఫిల్మ్ ఎత్తు అర మిల్లీమీటర్ తేడా వచ్చినా పదును పోతుంది. హోల్డర్ కాళ్ల ఎత్తు మార్చే వీలుంటే ఒక్కో ఎత్తులో ఒక్కో స్కాన్ చేసి, ఏది బాగా వచ్చిందో ఆ ఎత్తు రాసి పెట్టుకోండి.

ఫిల్మ్ కోసమే చేసిన స్కానర్ 35 ఎంఎంకి ఉత్తమం. నికాన్ కూల్‌స్కాన్ సిరీస్‌ని కంపెనీ ఎప్పుడో ఆపేసినా 4,000 పీపీఐ నిజంగానే ఇస్తుందని ఇప్పటికీ జనం వెతికి మరీ వాడుతున్నారు. ఇప్పుడు తయారవుతున్నవాటిలో ప్లస్టెక్ లాంటివి ఉన్నాయి.

మూడోది, నాకు ఎక్కువ ఇష్టమైనది, డిజిటల్ కెమెరాతోనే స్కాన్ చేయడం. 24 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, 1:1 మాక్రో లెన్సు (వస్తువుని సెన్సర్ మీద దాని అసలు సైజులోనే పట్టేది), కదలని కాపీ స్టాండ్, సీఆర్ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 95 దాటిన లైట్ ప్యానెల్ ఉంటే 35 ఎంఎం ఫ్రేమ్ నుంచి 6,000 × 4,000 పిక్సెళ్లు వస్తాయి. లెక్కకి 4,200 పీపీఐతో సమానం, పైగా ఒక్కో ఫ్రేమ్‌కి కొన్ని సెకన్లే. ఇందులో అందరూ తడబడేది సమతలం దగ్గర: కెమెరా, ఫిల్మ్ ఒకదానికొకటి సమాంతరంగా లేకపోతే ఒక అంచు మసకబారుతుంది. దానికో చిట్కా ఉంది. ఫిల్మ్ పెట్టే చోట చిన్న అద్దం ముక్క బోర్లా కాకుండా పైకి చూసేలా పెట్టండి. లైవ్ వ్యూలో మీ లెన్సు ప్రతిబింబం కనిపిస్తుంది. ఆ గుండ్రం సరిగ్గా ఫ్రేమ్ మధ్యకి వచ్చేదాకా కెమెరా వంపు సవరించండి. వచ్చిందంటే సమాంతరం కుదిరినట్టే. తర్వాత అద్దం తీసేసి ఎఫ్/5.6 లేదా ఎఫ్/8, ఐఎస్ఓ 100, రా ఫార్మాట్ పెట్టుకోండి. ఫిల్మ్ చుట్టూ ఉన్న లైట్ ప్యానెల్ భాగాన్ని నల్ల కాగితంతో కప్పేయండి. పక్కనుంచి వచ్చే వెలుగు లెన్సులోకి దూరితే నీడలన్నీ పాలిపోతాయి.

ల్యాబ్‌కి ఇచ్చేవాళ్లు నాలుగు ప్రశ్నలు అడగండి. ఆప్టికల్ రిజల్యూషన్ ఎంత? 16 బిట్ టిఫ్ (నాణ్యత పోకుండా దాచే ఫైల్) ఇస్తారా? షార్ప్‌నింగ్ ఆపేసి ఇస్తారా? ఏ కలర్ స్పేస్ (ఫైల్‌లో ఏ రంగుల దాకా పడతాయో చెప్పే హద్దు)? జవాబు కోసం తడుముకుంటుంటే ఇంకో ల్యాబ్ చూసుకోండి. జవాబులు బాగున్నా ముందు ఒక్క ఫ్రేమే ఇచ్చి చూడండి. నిజంగా పెద్ద ప్రింట్, అదీ ఒకటో రెండో ఫ్రేములకి మాత్రమే కావాలనుకున్నప్పుడు డ్రమ్ స్కాన్ (తిరిగే గొట్టానికి ఫిల్మ్ చుట్టి చేసే స్కాన్) చేయించండి. అతి తక్కువ వెలుగుని కూడా పట్టే ఫొటో మల్టిప్లయర్ ట్యూబులు వాడే ఆ యంత్రాలు స్లైడ్ (నేరుగా అసలు రంగుల్లో బొమ్మ ఉండే ఫిల్మ్) లోని చిక్కటి నీడల్లోంచి కూడా వివరం లాగుతాయి.

సెట్టింగుల దగ్గర మన సూత్రం గుర్తుచేసుకోండి. ఆటో ఎక్స్‌పోజర్, ఆటో కలర్, షార్ప్‌నింగ్ అన్నీ ఆపేయండి. ఒక్కో రంగుకి 16 బిట్‌లు పెట్టండి. 8 బిట్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లే ఉంటాయి, 16 బిట్‌లో 65,536. స్కాన్‌లో ఈ తేడా కంటికి కనబడదు. ఆకాశాన్ని కాస్త చీకటి చేద్దామని కర్వ్ (వెలుగునీడలు మార్చే గీత) లాగినప్పుడు 8 బిట్ ఫైల్‌లో చారలు చారలుగా విరుగుతుంది, అప్పుడు తెలుస్తుంది. హిస్టోగ్రామ్ (నలుపు నుంచి తెలుపు దాకా ఏ వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్) రెండు చివర్లా కొంచెం ఖాళీ వదలండి. ఇలా వచ్చిన స్కాన్ పేలవంగా, ప్రాణం లేనట్టు కనిపిస్తుంది. కంగారు పడకండి, అలా ఉండటమే మంచిది. చూడగానే బ్రహ్మాండంగా ఉన్న స్కాన్‌లో ఎవరో, లేదా ఏదో సాఫ్ట్‌వేర్, మీకు చెప్పకుండా కొన్ని నీడల్ని పారేసి ఉంటుంది.

దుమ్మునీ గీతల్నీ ఇన్‌ఫ్రారెడ్ వెలుగుతో కనిపెట్టి తీసేసే డిజిటల్ ఐస్ లాంటి సౌకర్యం కలర్ నెగటివ్‌లకీ మామూలు స్లైడ్‌లకీ వరం. మామూలు బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌కి మాత్రం పొరపాటున కూడా ఆన్ చేయకండి. అందులో బొమ్మ వెండి రేణువులతో తయారవుతుంది, వెండి ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపేస్తుంది, సాఫ్ట్‌వేర్ బొమ్మనే దుమ్మనుకుని చెరిపేస్తుంది. 2009లో తయారీ ఆగిపోయిన కోడాక్రోమ్ స్లైడ్‌లతో కూడా తరచూ ఇదే గొడవ.

స్కాన్ అయ్యాక ఫిల్మ్‌ని తీసేయకముందే ఫైల్‌ని 100 శాతం సైజులో చూడండి. ఎడమ పై మూల నుంచి మొదలుపెట్టి వరసగా కిందికి దిగండి. చూడాల్సింది మనిషి కళ్లనో ఆకుల్నో కాదు, అవి తీసినప్పుడే ఫోకస్‌లో లేకపోయి ఉండొచ్చు. ఫిల్మ్ గ్రెయిన్ (ఫిల్మ్‌లోనే ఉండే సన్నటి రేణువుల నేత) చూడండి. మధ్యలోనూ నాలుగు మూలల్లోనూ గ్రెయిన్ ఒకేలా గరుగ్గా కనిపిస్తే స్కాన్ కుదిరింది. ఒక మూల మెత్తగా ఉంటే ఫిల్మ్ సమంగా లేదు, మళ్లీ సర్ది మళ్లీ స్కాన్ చేయండి.

తర్వాత మచ్చలు తీయడం. అసలు పొరని ముట్టుకోకుండా పైన వేరే పొర మీద, హీలింగ్ బ్రష్‌తో ఒక్కో చుక్క తీయండి. మొత్తం ఫ్రేమ్‌కి ఒకేసారి దుమ్ము ఫిల్టర్ కొడితే గ్రెయిన్ కూడా కొట్టుకుపోతుంది, చర్మం ప్లాస్టిక్‌లా తయారవుతుంది. ఆకాశం, పొగమంచు, గోడ లాంటి ఖాళీ చోట్ల ఎక్కువ ఓపిక పట్టండి. ప్రింట్‌లో ముందు దొరికిపోయేవి అవే.

ఈ ఫైల్‌ని 16 బిట్ టిఫ్‌గా, అడోబీ ఆర్‌జీబీ లేదా ప్రోఫొటో ఆర్‌జీబీ కలర్ స్పేస్‌లో దాచుకోండి. ఇదే మాస్టర్. దీని మీద ఇంకేమీ చేయకండి, ఏం చేసినా కాపీ మీదే. మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, అందులో ఒకటి ఇంకో చోట. ఫైల్ పేరులో రీల్ నంబరూ ఫ్రేమ్ నంబరూ ఉండాలి, నెగటివ్ స్లీవ్ మీద కూడా అవే ఉండాలి.

ఐదో మెట్టు: ముందు స్క్రీన్‌ని దారికి తెచ్చుకోండి

"స్క్రీన్ మీద బాగుంది, ప్రింట్ చీకటిగా వచ్చింది." ప్రింటింగ్ గురించి వచ్చే ఫిర్యాదుల్లో దీనిదే పెద్ద వాటా, తప్పు దాదాపు ఎప్పుడూ స్క్రీన్‌దే. కొత్త మానిటర్లు కళ్లు చెదిరే వెలుగుతో వస్తాయి. ఆ వెలుగులో ఫొటోని సరిచేస్తే మీకు తెలీకుండానే చీకటి చేసేస్తారు. కాలిబ్రేషన్ పరికరం ఒకటి సంపాదించి వెలుగుని చదరపు మీటరుకి 80 నుంచి 120 క్యాండెలాల (వెలుగు కొలత) మధ్యకి దించండి. మొదట్లో స్క్రీన్ మసకేసినట్టు అనిపిస్తుంది, నాలుగు రోజుల్లో అలవాటవుతుంది. కెమెరా సామాన్లలో దీనంత తక్కువ ఖర్చుతో ఇంత మార్పు తెచ్చేది నాకైతే ఇంకోటి కనబడలేదు.

ఆరో మెట్టు: కాగితం, సిరా

కాగితాన్ని ఫొటో చూసి ఎంచుకోవాలి. చిక్కటి నలుపు, మెరిసే లోహం, తడి రోడ్డు లాంటివి ఉంటే బరైటా గానీ లస్టర్ గానీ (రెండూ ఓ మోస్తరు మెరుపున్న కాగితాలు) తీసుకోండి. నలుపు లోతుగా వస్తుంది. పొగమంచు, మెత్తటి వెలుగులో పోర్ట్రెయిట్, పాలిపోయిన రంగులు ఉంటే కాటన్ మ్యాట్ (మెరుపు లేని) కాగితం అందం. మ్యాట్ మీద నలుపు అంత లోతుగా రాదు కానీ ఏ మూల నుంచి చూసినా లైటు మెరుపు అడ్డు రాదు. బాగా గ్లాసీగా ఉన్న కాగితం చేతిలో పట్టుకుని చూసే చిన్న ప్రింట్‌కే నయం. గోడ మీద అది ఫొటో కన్నా ఎదురుగా ఉన్న కిటికీనే ఎక్కువ చూపిస్తుంది.

తెల్లగా మెరిసిపోయే కాగితాల్లో చాలావాటికి ఆప్టికల్ బ్రైట్నర్లు కలిపి ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ వాటి పని తగ్గి కాగితం పసుపు తిరుగుతుంది. అమ్మే ప్రింట్‌కీ దాచుకునే ప్రింట్‌కీ బ్రైట్నర్లు లేని, ఆమ్ల గుణం లేని కాగితమే వాడండి.

సిరాలో డై, పిగ్మెంట్ అని రెండు రకాలు. డై అంటే కరిగిపోయే రంగు, పిగ్మెంట్ అంటే కరగని రంగు రేణువులు. 1990ల మొదట్లో సంగీతకారుడు గ్రాహమ్ నాష్ పెట్టిన నాష్ ఎడిషన్స్ లాంటి చోట్ల, ప్రెస్ ప్రూఫ్‌ల కోసం తయారైన ఐరిస్ ఇంక్‌జెట్ ప్రింటర్లతో ఆర్ట్ ప్రింట్లు వేయడం మొదలైంది. ప్రింట్లు చూడ్డానికి అద్భుతంగా ఉండేవి, కానీ అప్పటి డై సిరాలు వెలుగుకి త్వరగా వెలిసిపోయేవి. తర్వాత పిగ్మెంట్ సిరాలు వచ్చి ఆ బెంగ చాలా మటుకు తీర్చాయి. డబ్బులు తీసుకుని ఇచ్చే ప్రింట్ అయితే పిగ్మెంట్‌కి తక్కువ దేన్నీ ఒప్పుకోకండి. పిగ్మెంట్ ప్రింటర్లలో చాలావాటికి నల్ల సిరా రెండు రకాలుగా ఉంటుంది, ఫొటో బ్లాక్ మెరిసే కాగితానికి, మ్యాట్ బ్లాక్ మ్యాట్ కాగితానికి. డ్రైవర్‌లో కాగితం రకం తప్పు ఎంచుకుంటే నలుపు బూడిద రంగులో తేలుతుంది.

ఏడో మెట్టు: ప్రింట్‌లో నిర్ణయాలు

ఇప్పుడు వచ్చింది మీ వంతు. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ ఊరి మీద చంద్రోదయం తీశాడు. ఆ ఒక్క నెగటివ్‌ని దశాబ్దాల పాటు మళ్లీ మళ్లీ ప్రింట్ వేశాడు. మొదటి ప్రింట్లలో ఆకాశంలో లేత మబ్బులు కనిపిస్తాయి. పోనుపోనూ ఆయన ఆకాశాన్ని చిక్కబరుస్తూ వెళ్లాడు, చివరి ప్రింట్లలో అది దాదాపు నల్లటి తెర. నెగటివ్‌లో అన్నీ ఉన్నాయి కాబట్టే ఇరవై ముప్ఫై ఏళ్ల తర్వాత కూడా ఆయన మనసు మార్చుకోగలిగాడు. పేలవమైన స్కాన్ దాచుకోమని ఇంతగా చెప్పింది అందుకే.

మాస్టర్ కాపీ తెరిచి కాంట్రాస్టూ రంగులూ సరిచేసుకున్నాక సాఫ్ట్ ప్రూఫ్ (ప్రింట్ ఎలా వస్తుందో స్క్రీన్ మీదే చూపించే సౌకర్యం) ఆన్ చేయండి. మీ ప్రింటర్, మీ సిరా, మీ కాగితం మూడూ కలిసిన ఐసీసీ ప్రొఫైల్ (ఆ కలయికలో రంగులు ఎలా వస్తాయో చెప్పే ఫైల్) ఎంచుకోవాలి. కాగితం తయారీదారులు సాధారణంగా వాటిని ఉచితంగానే ఇస్తారు, ల్యాబ్‌కి ఇచ్చేటట్టయితే వాళ్లని అడగండి. ప్రూఫ్ ఆన్ చేయగానే ఫొటో నీరసపడిపోతుంది. కాగితానికి దానంతట అది వెలిగే శక్తి లేదు, ఇది దాని అసలు రూపం. కాగితం చూపించలేని రంగుల్ని సర్దే పద్ధతుల్లో (రెండరింగ్ ఇంటెంట్) రిలేటివ్ కలరిమెట్రిక్, పర్సెప్చువల్ రెండూ మార్చి చూడండి, బ్లాక్ పాయింట్ కాంపెన్సేషన్ (ఫైల్‌లోని నలుపుని కాగితం పట్టగలిగే నలుపుకి సర్దేది) పెట్టే ఉంచండి. బాగా ముదురు ఎరుపులూ నీలాలూ ఉన్న ఫొటోకి తరచూ పర్సెప్చువల్ నయం, మిగతావాటికి ఎక్కువగా మొదటిదే.

షార్ప్‌నింగ్ అన్నిటికన్నా ఆఖర్న, ప్రింట్ సైజుకి తెచ్చాక చేయాలి. మ్యాట్ కాగితం సిరాని కాస్త పీల్చుకుంటుంది కాబట్టి దానికి కొంచెం ఎక్కువ వేయాలి. 100 శాతంలో స్క్రీన్ మీద కాస్త ఎక్కువైందనిపిస్తే కాగితం మీద అది సరిపోతుంది. గ్రెయిన్ ఎక్కువున్న ఫిల్మ్‌కి మాత్రం చేయి తేలిక చేసుకోండి.

సొంత ప్రింటర్ ఉన్నవాళ్లు ఒకటి సరిచూసుకోండి. రంగుల బాధ్యత సాఫ్ట్‌వేర్‌కి అప్పగించినప్పుడు ప్రింటర్ డ్రైవర్‌లో కలర్ మేనేజ్‌మెంట్ ఆపేయాలి. రెండూ పనిచేస్తే ఒకే దిద్దుబాటు రెండుసార్లు జరిగి రంగులు వింతగా తయారవుతాయి, మొహాలు చాలాసార్లు ఎర్రబారతాయి. ఉన్నట్టుండి ప్రింట్లు అలా వస్తే సిరా మార్చే ముందు ఇది చూడండి.

నేరుగా పెద్ద షీట్ మీద వేయకండి. ఫొటోలో అత్యంత చిక్కటి నీడ, అత్యంత వెలుగున్న చోటు, ఉంటే చర్మం, ఈ మూడూ వచ్చేలా సన్నటి పట్టీ కత్తిరించుకోండి. దాన్నే మూడు వెలుగుల్లో, ఉన్నదున్నట్టు ఒకటి, కొంచెం తేట చేసి ఒకటి, ఇంకొంచెం తేట చేసి ఒకటి, అదే కాగితం మీద వేయండి. కాసేపు ఆరనిచ్చి, ప్రింట్ చివరికి ఎక్కడ వేలాడుతుందో ఆ వెలుతురులోకి తీసుకెళ్లి చూడండి. పగటి వెలుగులో ముచ్చటగా ఉన్న నీడలు పసుపు వెలుగు బల్బు కింద గుడ్డిగా మారిపోవచ్చు. నల్ల కోటు మీద గుడ్డ నేత కనిపిస్తోందా, తెల్ల చొక్కాలో మడతలు నిలిచాయా? మూడింట్లో ఏది నిలబెడితే అదే పెద్ద ప్రింట్. చిన్న పట్టీకయ్యే సిరా, కాగితం ఎంత? చెడిపోయిన పెద్ద షీట్‌తో పోలిస్తే లెక్కలోకే రాదు.

మంచి ప్రింటింగ్ వల్ల చెప్పుకోదగ్గ ఇంకో లాభం ఇక్కడే దొరుకుతుంది. స్క్రీన్ మీద వెయ్యిసార్లు చూసిన ఫొటోలో వంగిన హొరైజనూ, అంచులో సగం తెగిన చేయీ, అనవసరమైన తెల్లమచ్చా పెద్ద ప్రింట్ గోడకి ఆనించిన పది నిమిషాల్లో బయటపడతాయి. తర్వాతి రీల్ తీసేటప్పుడు వ్యూఫైండర్ అంచుల వైపు కన్ను దానంతట అదే పోతుంది. తప్పులు పట్టించే ఈ పని కోసమైనా, అమ్మే ఉద్దేశం లేనివాళ్లు కూడా నెలకో పెద్ద ప్రింట్ వేసుకోవాలని నేనంటాను.

ఎనిమిదో మెట్టు: ప్రింట్ బయటికొచ్చాక

వెంటనే ఫ్రేములో బిగించకండి. కనీసం ఒక రోజు పరిచి ఆరనివ్వండి. సిరాలోని ద్రావకాలు ఇంకా ఆవిరవుతూ ఉంటాయి, తొందరపడి మూసేస్తే అద్దం లోపలి వైపు మసక పొరలా పేరుకుంటాయి. ఫ్రేములో ప్రింట్‌కీ అద్దానికీ మధ్య మౌంట్ బోర్డు ఎడం ఉండాలి, ఆ బోర్డు కూడా ఆమ్లం లేనిదే కావాలి. ప్రింట్ అద్దానికి తగిలితే తేమకి అంటుకుపోతుంది, విడదీస్తే బొమ్మ పొర అద్దంతో పాటే ఊడొస్తుంది. నేరుగా ఎండ పడే గోడ వద్దు. సంతకం ఫొటో మీద కాకుండా కింది మార్జిన్‌లో, మ్యాట్ కాగితమైతే పెన్సిల్‌తో పెట్టండి.

అమ్మకానికి ఎడిషన్ (ఒకే ఫొటోకి నంబర్లేసిన కొన్ని ప్రింట్లు) వేసేవాళ్లు ఒక పుస్తకం పెట్టుకుని ఒక్కో ప్రింట్‌కి కాగితం పేరు, ప్రొఫైల్, రెండరింగ్ ఇంటెంట్, ప్రింట్ సైజు, షార్ప్‌నింగ్ ఎంత, ఎన్నో కాపీ, ఏ తేదీ అన్నీ రాసి పెట్టండి. అదే సెట్టింగులున్న ప్రింట్ ఫైల్‌ని మాస్టర్ పక్కనే వేరే పేరుతో దాచండి. మూడేళ్ల తర్వాత ఏడో కాపీ అడిగిన మనిషి దాన్ని మొదటి కాపీ కొన్న స్నేహితుడి గోడ మీది ప్రింట్ పక్కన పెట్టి చూస్తాడు, రెండూ ఒకేలా ఉండాలి. పుస్తకంలో ఆ వివరాలున్నాయంటే పట్టీ ఒకటి వేసి, పాత పట్టీతో పోల్చుకుని, అరగంటలో ప్రింట్ పంపేయొచ్చు. అందుకని ఎంచుకున్న పట్టీ వెనకాల కూడా తేదీ రాసి ఆ పేజీకే క్లిప్పు పెట్టి ఉంచండి.